సొరచేపల మధ్య ఒక రోజు: స్కూబా డైవింగ్‌కి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దీవికి సెలవులకి వెళ్తున్నాం, అందులో ఒక రోజు సొరలతో డైవింగ్ అనగానే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు వేరు, పడవ ఎక్కాక మన మనసు అడిగే ప్రశ్నలు వేరు. రెండు రకాలూ ఇక్కడ పెట్టాను. చాలా ఏళ్లుగా డైవ్ చేస్తూ నేర్చుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ కలిపి రాసినవివి. ఎంత చదివినా, నీళ్లలో దిగేముందు శిక్షకుడి దగ్గర నేర్చుకోవడం మాత్రం తప్పనిసరి.

అసలు సొరలు కరవవా?

కరవగలవు. కానీ డైవర్‌ని అవి తిండిగా చూడవు. ప్రపంచంలో సొరకాట్ల లెక్కంతా ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 'ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్' పేరుతో నమోదవుతుంది. మనిషి కవ్వించకుండా సొర కరిచిన సంఘటనలు మొత్తం భూమ్మీద ఏడాదికి 60, 70 దాకా ఉంటాయి. 2024లో అవి 47, వాటిలో ప్రాణాలు పోయినవి 4. ఎక్కువ భాగం సర్ఫింగ్ చేసేవాళ్లకీ, నీటిపైన ఈదేవాళ్లకీ జరిగినవే. నురగలోనో మడ్డి నీళ్లలోనో కాళ్లూ చేతులూ ఆడుతుంటే కింద ఉన్న సొరకి అదేమిటో సరిగ్గా తెలియదు. డైవర్ విషయం వేరు. దాని లోతులోనే, దాని కళ్లెదురుగా, బుడగలు వదులుతూ చప్పుడు చేసుకుంటూ ఉంటాడు. ఇదేదో పెద్ద జంతువు, తన తిండి కాదు అని సొరకి వెంటనే అర్థమవుతుంది.

'కవ్వించకుండా' అన్నమాట మాత్రం మర్చిపోకండి. తోక పట్టుకోవడం, గుహలో పడుకున్నదాన్ని వేలితో పొడవడం, చేతిలో చేప పెట్టుకుని పిలవడం కవ్వింపు కిందికే వస్తాయి. నర్స్ షార్క్ నేలమీద బద్ధకంగా పడుకుని ఉంటుంది కదా అని నిమిరి, కరిపించుకున్నవాళ్లున్నారు. దాని నోరు పీల్చి పట్టేరకం. పట్టిందంటే ఓ పట్టాన వదలదు.

ఈత రాదు. నేను వెళ్లొచ్చా?

సొరల డైవ్‌కి వద్దు. ముందు ఈత నేర్చుకోండి. నీళ్లంటే ఉన్న బెరుకుని సొర కనిపించే లోతుకి మోసుకెళ్లకూడదు.

ఈత వచ్చి, డైవింగ్ సర్టిఫికెట్ లేకపోతే దారి ఉంది. శిక్షకుడు పక్కనే ఉండి చేయించే పరిచయ డైవ్‌లో 12 మీటర్ల వరకు దిగొచ్చు. చాలా దీవుల్లో ఆ లోతులోనే బ్లాక్‌టిప్, వైట్‌టిప్ సొరలు కనిపిస్తాయి. మూడు నాలుగు రోజులు కేటాయించగలిగితే ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసి 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. ఆపై అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30 మీటర్లు. గ్రే రీఫ్ సొరలు గుంపులుగా తిరిగే ఛానెళ్లలో (పగడాల దిబ్బల మధ్య నీళ్లు పారే సందుల్లో) ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి చాలాచోట్ల అడ్వాన్స్‌డ్ అడుగుతారు. అలా అడిగే చోట్లే నాకు నమ్మకం. మీ లాగ్‌బుక్ (చేసిన డైవ్‌ల చిట్టా) చూడకుండానే "రండి, ఏం ఫర్వాలేదు" అనే చోట వెనక్కి తిరగండి.

ఎలాంటి సొరలు కనిపిస్తాయి?

సొరల్లో 500కి పైగా జాతులున్నాయి. పగడాల దిబ్బల దగ్గర డైవర్‌కి ఎదురయ్యేవి వాటిలో కొన్నే.

తీరానికి దగ్గరగా, మోకాలి లోతు నీళ్లలో కూడా తిరిగేది బ్లాక్‌టిప్. వీపు రెక్క కొనకి నల్ల రంగులో ముంచి తీసినట్టుంటుంది. మనిషి నీడ పడితేనే పరుగు తీస్తుంది. వైట్‌టిప్ రీఫ్ సొర సన్నగా, దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. పగలంతా దిబ్బ కింది గుహల్లో పడుకుని, చీకటి పడ్డాక వేటకి బయల్దేరుతుంది. సొర ఈదడం ఆపితే చచ్చిపోతుందని చాలామంది నమ్ముతారు. ఈ వైట్‌టిప్ ముందు రెండు నిమిషాలు కదలకుండా ఉండి చూడండి. నోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ నీళ్లని తానే మొప్పల మీదుగా పంపుకుంటుంది. మొప్పల చీలికలు ఐదూ ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటుంటే, నిద్రపోతున్న పసిబిడ్డ డొక్క ఎగసిపడుతున్నట్టుంటుంది. సొరల మీద నాకున్న భయం పోయింది ఆ దృశ్యం చూశాకే.

గ్రే రీఫ్ సొర అందరికీ గుర్తుండిపోయేది. బలిసిన ఒళ్లు, తోక అంచుకి నల్లని పట్టీ. దిబ్బ అంచున, ప్రవాహం లోపలికి వచ్చే చోట, ఒకదాని పైన ఒకటి అంతస్తులు కట్టినట్టు నిలబడతాయి. ఫ్రెంచ్ పాలినీషియాలోని ఫకరవా దక్షిణ ఛానెల్‌లో ఇలా దాదాపు 700 ఉంటాయని లెక్కపెట్టారు. ప్రవాహం వాలుని తాకి పైకి లేచే చోట గద్ద గాలిమీద తేలినట్టు తేలుతూ, 10 నుంచి 15 శాతం శక్తిని ఆదా చేసుకుంటాయని అక్కడే జరిగిన పరిశోధన చెప్పింది. వరసలో ముందున్నది అంచు చివరికి చేరాక వెనక్కి జారి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

వీటికన్నా పెద్దవాటి కోసం ప్రత్యేకంగా వెళ్లాలి. బుల్ షార్క్‌లకి ఫిజీలోని బెకా లగూన్, టైగర్ షార్క్‌లకి మాల్దీవుల్లోని ఫువమ్ములా, బహామాస్‌లోని టైగర్ బీచ్ పేరుపడ్డవి. ఫిలిప్పీన్స్‌లో మలపాస్కువా దీవి థ్రెషర్ షార్క్‌లకి. దాని తోకే ఒంట్లో సగం పొడవుంటుంది. ఆ తోకని కొరడాలా విసిరి చిన్న చేపల్ని మూర్ఛపోగొడుతుంది. మలపాస్కువాలో వేకువజామునే దిగితే, చిన్న చేపలతో ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికి లోతులోంచి పైకొచ్చిన థ్రెషర్లు కనిపిస్తాయి.

ఆ రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే మొదలవుతుంది. ముందు రాత్రి మద్యం వద్దు, నిద్ర చాలినంత పోవాలి. సముద్రం పడనివాళ్లు వికారం మాత్ర ముందే వేసుకోవాలి. ఏ మాత్రో డాక్టర్‌ని అడగండి, కొన్ని మగతనిస్తాయి.

పడవలో గైడ్ బోర్డు మీద ఛానెల్ బొమ్మ గీసి చెప్పే పది నిమిషాలే ఆ రోజు మొత్తంలో అత్యంత విలువైనవి. ప్రవాహం ఎటు, ఎక్కడ ఆగుతాం, గాలి ఎంత మిగిలినప్పుడు తిరుగుతాం, విడిపోతే ఏం చేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. అప్పుడు ఫోన్ చూడకండి. తరవాత సామాను తనిఖీ. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ని నోట్లో పెట్టుకుని, ఎంత గాలి ఉందో చూపే గేజ్ చూస్తూ నాలుగుసార్లు ఊపిరి పీల్చండి. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని అర్థం.

పడవ అంచున కూర్చుని వెనక్కి దొర్లగానే ఒక్క క్షణం అంతా తెల్లని నురగ. నురగ విడిపోయాక కింద నీలం. నీళ్లలో చూపుకన్నా ముందు చెవి పనిచేస్తుంది. దిబ్బలోని చిట్టి రొయ్యలు చేసే చిటపట, ఎండుపుల్లలు మండుతున్నట్టు, అన్ని వైపుల నుంచీ వినిపిస్తుంది. దిగుతున్నంతసేపూ ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవుల ఒత్తిడి సరిచేసుకోవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. మొరాయిస్తే ఒక మీటరు పైకి లేచి మళ్లీ ప్రయత్నించండి. బలవంతంగా ఊదితే కర్ణభేరికి ముప్పు.

మొన్నటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర, ఛానెల్ అంచున, ప్రాణం లేని ఒక బండని రెండు వేళ్లతో పట్టుకుని ఆగాను. మొదటి ఐదు నిమిషాలూ సొరలు దూరంగా బూడిద రంగు నీడల్లానే ఉన్నాయి. ప్రవాహంలో ఈది వచ్చిన ఆయాసంతో నేను భారీగా ఊపిరి వదులుతున్నాను, బుడగలు గుప్పుగుప్పున లేస్తున్నాయి. సొరలకి ఆ బుడగల మోత గిట్టదు. ఊపిరి నెమ్మదించాక, నిండుగా పీల్చి సన్నగా వదలడం మొదలయ్యాక, వాటి చుట్టుతిరుగుడు ఒక్కో వలయం దగ్గరవుతూ వచ్చింది. ఒక ఆడ గ్రే రీఫ్ సొర రెండు మీటర్ల దూరంలోంచి వెళ్లింది. మొప్పల వెనక పాత పంటిగాట్లు మానిన మచ్చలు. జతకట్టేటప్పుడు మగది పళ్లతో పట్టుకున్న గుర్తులవి. పిల్లి కంటిలా నిలువు గీత ఉన్న కన్ను నా వైపు తిరిగి, నన్ను చూసి, మళ్లీ ముందుకి తిరిగింది.

అందుకే కొత్తవాళ్లందరికీ ఒకటే చెబుతాను. సొరల కోసం ఎదురు వెళ్లొద్దు, మీ ఊపిరి కుదుటపరచుకోండి. వెంటపడితే ఒక్క తోక ఊపుతో కనుమరుగవుతుంది. కదలకుండా ఉన్నవాడి దగ్గరికి అదే వస్తుంది.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకి మించి వేగం వద్దు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. పడవ మీద గంటసేపు ఎండలో కూర్చుని, నీళ్లు తాగి, రెండో డైవ్ కాస్త తక్కువ లోతులో చేస్తారు. వైట్‌టిప్ గుహలు తీరిగ్గా చూసే అవకాశం అప్పుడే.

సొర నా వైపే వస్తే ఏం చేయాలి?

దాని వైపు తిరిగి, నిలువుగా, నిశ్చలంగా ఉండండి. చేతులు ఒంటికి దగ్గరగా మడుచుకోండి. తెల్లని అరచేతులు నీళ్లలో ఆడుతుంటే చేప మెరిసినట్టుంటుంది. కళ్లు దాని మీదే ఉంచండి. తనని గమనిస్తున్నారని తెలిసిన సొర సాధారణంగా దూరం పాటిస్తుంది. పైకి పారిపోవడం మాత్రం రెండు రకాల తప్పు. పారిపోయేదాన్ని వెంటాడటం దాని నైజం, గబుక్కున పైకి లేవడం మీ ఊపిరితిత్తులకి ప్రాణాంతకం.

గ్రే రీఫ్ సొర కోపం ముందే చెబుతుంది. వీపు విల్లులా వంచి, ముక్కు పైకెత్తి, పక్కరెక్కలు కిందికి వేలాడేసి, ఒళ్లు బిగుసుకున్నట్టు మెలికలు తిరుగుతూ ఈదుతుంది. నీ వల్ల నాకు ఇరుకుగా ఉంది, దారి వదులు అని దాని భాష. 1970ల మొదట్లోనే శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా నమోదు చేశారు. ఈ వాలకం కనిపిస్తే దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి జరగండి. దానికి లోతు నీళ్ల వైపు దారి తెరిచి ఉంచండి. దిబ్బకీ మీకూ మధ్య ఇరికించకండి.

ఇంకొకటి. మాస్క్ అద్దంలోంచి నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. రెండు మీటర్ల సొర అని మీరు ఒట్టేసి చెప్పేది ఒకటిన్నర మీటర్లదే.

నెలసరిలో ఉంటే, చిన్న గాయం ఉంటే సొరలు వాసన పట్టి వస్తాయా?

నెలసరి వల్ల ప్రమాదం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఎంతోమంది మహిళా డైవర్లు, శిక్షకులు నెల పొడుగునా సొరల మధ్య పనిచేస్తున్నారు. ఇబ్బందిగా లేకపోతే నిశ్చింతగా దిగండి.

సముద్రంలో ఎక్కడో ఒక చుక్క రక్తం పడితే మైళ్ల దూరం నుంచి సొర వస్తుందన్నది కట్టుకథ. వాసన ప్రవాహంతోపాటే ప్రయాణం చేయాలి. పైగా అవి వెతికేది చేపల వాసన. దగ్గరికి వచ్చాక సొర వాడే ఇంద్రియం మరొకటుంది. ముక్కు చుట్టూ సన్నని రంధ్రాలు, వాటి వెనక జిగురు నిండిన గొట్టాలు ఉంటాయి. బతికున్న ప్రతి జీవి ఒంట్లోంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తుని అవి పసిగడతాయి. 1678లో స్టెఫానో లోరెంజీని వీటిని వర్ణించాడు కాబట్టి లోరెంజీని గొట్టాలంటారు. ఇసుకలో పూర్తిగా దాక్కున్న చేపని సొర పట్టేది వీటితోనే.

గాయం పచ్చిగా ఉంటే దిగకండి. ఇన్ఫెక్షన్ భయంతో, సొర భయంతో కాదు.

మేత వేసి సొరల్ని పిలిచే డైవ్‌లు మంచివేనా?

ఇక్కడ డైవర్లు రెండు వర్గాలు. వేసేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. టైగర్, బుల్ షార్క్‌ల లాంటివి మేత లేకుండా డైవర్ల దగ్గరికి రావడం అరుదు. చూసినవాళ్లే వాటి పక్షాన నిలబడతారు. ఆ రాబడితో ఫిజీలో దిబ్బ మీద చేపలు పట్టకుండా ఆగిన ఊళ్లకి డబ్బు అందుతోంది. వద్దనేవాళ్లది, మనిషికీ తిండికీ ముడిపెట్టడం ఎప్పటికైనా ముప్పేనని. ఫ్లోరిడా, హవాయి తమ జలాల్లో దీన్ని నిషేధించాయి.

నా మట్టుకు నేను మేత లేని డైవ్‌నే ఎంచుకుంటాను. తన దారిన తాను తిరుగుతున్న సొరని చూడటమే నాకు ఇష్టం. మీరు మేత డైవ్‌కే వెళ్తే, వరస దాటకుండా మోకాళ్ల మీద ఉండటం, చేతులు ముడుచుకోవడం, నల్లని గ్లవ్స్ వేసుకోవడం అక్షరాలా పాటించండి. కొత్తగా నేర్చుకున్నవాళ్ల మొదటి సొర డైవ్ మాత్రం ఇది కాకూడదు.

మరి అసలు ప్రమాదం దేనితో?

గాలితో, లోతుతో, ప్రవాహంతో. సొరని చూస్తూ గేజ్ మర్చిపోవడమే నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన పొరపాటు. 20 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం కన్నా మూడింతలు. అంటే ప్రతి ఊపిరికీ మూడింతల గాలి ఖర్చు. దానికి ఉద్వేగం తోడైతే 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) సిలిండర్ చూస్తుండగానే సగానికొస్తుంది. ఐదు నిమిషాలకోసారి గేజ్ చూడండి, 100 బార్‌కి గైడ్‌కి సైగ చేయండి, 50 బార్‌తో పడవ దగ్గరుండండి.

ఛానెల్ ప్రవాహంలో కొట్టుకుపోతే ఎదురీదకండి. అలసట తప్ప ఫలితం ఉండదు. జతగాడితో కలిసి పైకి లేచి, నారింజ రంగు మార్కర్ గొట్టాన్ని గాలితో నింపి నిలబెట్టండి. పడవే వెతుక్కుంటూ వస్తుంది. ఈ గొట్టం మీ దగ్గర సొంతంగా ఉండాలి, గైడ్ దగ్గరుందిలే అనుకోకూడదు.

మంచి నిర్వాహకుల్ని ఎలా గుర్తుపట్టాలి?

పడవలో ఆక్సిజన్ ఎక్కడుందో చూపించమనండి. ఒకసారి నేనెక్కిన పడవలో "ఉందండీ, ఉందండీ" అన్నారు. పెట్టె తెరిపించి చూస్తే సిలిండర్ ఖాళీ. ఆ రోజు డైవ్ మానుకుని డబ్బు వదులుకున్నాను. డికంప్రెషన్ సిక్‌నెస్ (లోతులో ఒంట్లో కరిగిన వాయువు పైకి వచ్చాక బుడగలై చేసే జబ్బు) వస్తే మొదటి వైద్యం ఆక్సిజనే. దానికి చికిత్స చేసే ప్రెషర్ చాంబర్ ఉన్న ఆసుపత్రి దీవి నుంచి గంటల దూరంలో ఉండొచ్చు. ఆ గంటలు నిలబెట్టేది ఆ సిలిండరే. అడిగితే నొచ్చుకునేవాళ్లతో వెళ్లొద్దు.

తక్కినవి కళ్లతోనే తెలుస్తాయి. ఒక గైడ్‌కి నలుగురు, ఐదుగురికి మించకపోవడం, సొరని తాకితే డైవ్ ఆపేస్తామని ముందే చెప్పడం, గైడ్ పగడాల మీద చెయ్యి పెట్టకపోవడం.

ఎవరు వెళ్లకూడదు?

గర్భిణులు దిగకూడదు. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్య జరిగిన చెవి లేదా ఛాతీ ఆపరేషన్ ఉన్నవాళ్లు డైవింగ్ తెలిసిన డాక్టర్ సంతకం లేకుండా వెళ్లొద్దు. వైద్య పత్రంలో అబద్ధం రాయకండి. జలుబు చేసిన రోజు ఎవరికైనా సెలవే.

పిల్లలు?

10 ఏళ్లు నిండితే జూనియర్ కోర్సు ఉంది. సొరలకి మాత్రం తొందరపెట్టకండి. వాళ్లంతట వాళ్లు అడగాలి.

కళ్లజోడు వాడతాను.

పవర్ ఉన్న మాస్క్‌లు దొరుకుతాయి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు కూడా పనికొస్తాయి. మాస్క్‌లోకి నీళ్లొస్తే కళ్లు మూసుకోండి.

ఫోటోలు తీయొచ్చా?

మొదటి డైవ్‌లో కెమెరా వద్దు. మునగకుండా, పైకి తేలిపోకుండా ఒంటిని నిలుపుకోవడం, గేజ్ చూడటం, జతగాణ్ని గమనించడం, వీటికే రెండు చేతులూ చాలవు. ఆ తరవాత తీయండి, ఫ్లాష్‌తో వైట్‌టిప్ ముఖంలోకి మాత్రం కొట్టకండి. లోతుకి వెళ్లేకొద్దీ మొదట మాయమయ్యేది ఎరుపు. ఐదారు మీటర్లకే అన్నీ నీలి పచ్చగా మారతాయి. ఫోటోలో సొర బూడిద ముద్దలా వచ్చిందంటే తప్పు మీది కాదు.

సొరలు కనిపించకపోతే డబ్బు వాపసు ఇస్తారా?

ఇవ్వరు, ఇవ్వమనడం న్యాయం కాదు. ఆటుపోట్ల వేళ చూసి, ప్రవాహం లోపలికి వచ్చే సమయానికి దించితే అవకాశం పెరుగుతుంది. అంతవరకే గైడ్ చేతిలో ఉంది.

చాలా దిబ్బల మీద సొరలు కనిపించకపోవడానికి కారణం ఆ రోజు అదృష్టం కాదు. 58 దేశాల్లో 371 దిబ్బల దగ్గర నీటి అడుగున కెమెరాలు పెట్టి చేసిన సర్వే ఫలితాలు 2020లో వచ్చాయి. దాదాపు ఐదింట ఒక దిబ్బ దగ్గర ఒక్క సొర కూడా పడలేదు. ఏటా దాదాపు 8 కోట్ల సొరలు చేపల వేటలో చనిపోతున్నాయని 2024లో అచ్చయిన అంచనా. సొర పెద్దది కావడానికి ఏళ్లు పడుతుంది, పెట్టే పిల్లలు కొన్నే. పోయినంత వేగంగా తిరిగి రావు.

అయినా తిరిగి వచ్చేలా చేసిన చోట్లున్నాయి. పసిఫిక్ సముద్రంలోని పలావు దేశం 2009లో తన సముద్రమంతా సొరల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ పని చేసిన మొదటి దేశం అదే. మాల్దీవులు 2010లో సొరల వేట పూర్తిగా ఆపేసింది, 2011లో బహామాస్. పలావులో డైవర్లు తరచూ చూసే చోట తిరిగే ఒక్కో సొర బతికినన్నాళ్లూ పర్యాటకానికి దాదాపు 19 లక్షల డాలర్ల విలువ తెస్తుందని 2010లో లెక్కగట్టారు. చేపల సంతలో దాని ధర వంద డాలర్ల చుట్టుపక్కలే. దీవి ఎంచుకునేటప్పుడు అక్కడ సొరలకి రక్షణ ఉందో లేదో చూసి ఎంచుకోండి. మీ డబ్బు ఎటు వెళ్తే అటు మొగ్గు.

డైవింగ్ అయిన మర్నాడే విమానం ఉంది. ఫర్వాలేదా?

చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఒకే ఒక్క డైవ్ చేసి ఉంటే 12. సొరల రోజుని ప్రయాణం మధ్యలో పెట్టుకోండి, చివరి రోజున వద్దు.

మావాళ్లు డైవ్ చేయరు. ఒడ్డునే కూర్చోవాలా?

అక్కర్లేదు. పోటు ఎక్కే వేళ లగూన్ (దిబ్బకీ తీరానికీ మధ్య ఉండే తక్కువ లోతు నీళ్లు) ఒడ్డున మోకాలి లోతులో కదలకుండా నిలబడమనండి. మూరెడు పొడవు బ్లాక్‌టిప్ పిల్లలు చిన్న చేపల్ని తరుముకుంటూ అక్కడికే వస్తాయి. ముందు నీటి మీద నల్లని రెక్క కొన కనిపిస్తుంది, తరవాత ఇసుక మీద దాని నీడ. అరికాలు కదిపితే చాలు, రెండూ ఒకేసారి మాయమవుతాయి. పది నిమిషాలు ఓపిక పడితే మళ్లీ వస్తాయి.